పైనే కనబడిన ఫైళ్లు

జగ్గయ్యపేటలో కంప్యూటర్లు బాగుచేసేవాణ్ని. ఏ జబ్బుకైనా నా దగ్గర ఒకటే మందు, ఫార్మాట్: ఉన్నదంతా తుడిచేసి కొత్తగా ఎక్కించడం. "నిసార్ చెయ్యి పడితే కొత్తదైపోద్ది" అని జనం అంటుంటే పొంగిపోయేవాణ్ని.

జయమణి టీచర్‌గారు నాకు బళ్లో తెలుగు చెప్పారు. భర్త ప్రేమానందం మాస్టారు లెక్కలు చెప్పేవారు. ఆయన పోయిన ఏడాదికి, 2008లో, ఆవిడ కబురుపెట్టారు. హాల్లో కొత్త వైర్‌లెస్ మోడెమ్ ఉంది. వెనక గదిలో ఉన్న మాస్టారి పాత కంప్యూటర్‌కి నెట్ రావాలి.

"హాల్లోకి తెచ్చి వైరు పెడితే సరిపోద్దిగా టీచర్‌గారూ?"

"ఆయన బల్ల మీంచి కదపనురా."

"ఈ వయసులో నెట్టెందుకండీ, మళ్లీ డిగ్రీ చేస్తారా?" అని వేళాకోళమాడాను. నా నోరు పడిపోను! ఆవిడ నవ్వి గదిలోకి దారితీశారు.

నెట్ అందుకునే చిన్న వైర్‌లెస్ ముక్క గుచ్చితే విండోస్ 98 దాన్ని గుర్తుపట్టలేదు. ఎక్స్‌పీ ఎక్కించాలి, అంటే డిస్కులో విండోస్ ఉండే భాగం, సీ డ్రైవ్, తుడిచెయ్యాలి. ఫైళ్లు దాచుకునే డీ జోలికి పోకూడదు. మా పేట మెకానిక్కులందరి పద్ధతీ అదే.

"మీ ఫైళ్లు డీలోనే ఉన్నాయాండీ? సీలోవి పోతాయి."

"లోపలేం దాచలేదురా. ఉన్నయ్యన్నీ పైనే, కళ్లెదురుగానే ఉన్నాయి."

తెర మీద పైకి కనబడేవన్నీ సీలోనే ఉంటాయి. అది నాకు తెలుసు, ఆవిడకు తెలియదు. నేను సీడీ పెడుతూ ఆ మాటను సగమే విన్నాను.

రెండు గంటల తర్వాత సిగ్నల్ గీతలు పచ్చగా వెలిగాయి. "వచ్చేసింది టీచర్‌గారూ!" అని కేకేశాను. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, తెరంతా వెతికారు.

"ఇక్కడ ఆయన ఉండాలిగా. ఏరిరా?"

గొంతు ఆపరేషన్ తర్వాత ఇక మాట రాదని డాక్టర్లు ముందే చెప్తే, ఆపరేషన్‌కి ముందు వారంలో మాస్టారు ఆ బల్ల దగ్గరే కూర్చుని తన గొంతు రికార్డు చేసిపెట్టారట. "జయమణీ, టీ అయిందా?" "తలుపు గొళ్లెం పెట్టావా?" అన్నీ ఇలాంటివే. ఆవిడ రోజూ పొద్దున్నే వినేవారట. కూతురు రాగసుధ నాన్న గొంతు తనకూ మెయిల్లో పంపమందట, అందుకే ఈ నెట్.

"ముందే చెప్పొద్దా! షాపుకి తీసుకెళ్లి ఐదు నిమిషాల్లో సీడీ కొట్టిచ్చేవాణ్నిగా!" అని అరిచాను. తప్పు నాది, అరిచింది ఆవిడ మీద.

"సిగ్గేసిందిరా నిసారూ," అన్నారు.

డిస్కు విప్పి, పోయిన ఫైళ్లు ఎవరైనా వెనక్కి తీస్తారేమోనని నందిగామ, విజయవాడ తిప్పాను. ఫైళ్ల పేర్లు దొరికాయి, తెరిస్తే గరగర తప్ప ఏమీ లేదు. వారం తర్వాత వెళ్లి చెప్పాను.

ఆవిడ టీ ఇచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. "బళ్లో ఆయన గొంతు పెట్టి వెక్కిరించి దెబ్బలు తినేవాడివిగా. ఒక్కసారి ఆయనలా అనరా."

గొంతు సవరించుకుని అన్నాను. "జయమణీ, టీ అయిందా?"

ఆవిడ కళ్లు మూసుకుని విన్నారు. "అట్టా కాదురా. పేరు పిలిచాక కాసేపు ఆగేవారు, నేను ఊఁ అనేదాకా," అని అప్పుడు ఏడ్చారు.