ఎండాకాలంలో తేమ ఉండదు

దాణా మిల్లులో ఆమెను అందరూ తేమమ్మ అంటారు. అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ పనికిరాలేదు. ఇరవై రెండేళ్లుగా, వచ్చిన ప్రతి లారీలో మొక్కజొన్న ఎంత ఆరిందో చూసి 'సరే' అని ముద్ర వేయడం ఆమె ఉద్యోగం. తేమ కొలిచే మిషను ఒకటుంది. వానాకాలం నాలుగు నెలలూ ఆమె బల్ల మీద, మిగతా ఎనిమిది నెలలూ తాళం వేసిన బీరువాలో. కంపెనీ నిబంధనల పుస్తకం అలా చెప్పింది. ఆ పుస్తకం రాసిన రోజుల్లో వాన కూడా నిబంధనలు పాటించేది.

ఈమధ్య దానికి భయభక్తులు పోయాయి. నడివేసవిలో ఐదు రోజులు ఏకధాటిగా కురిసింది. వెంటనే ఊపిరాడనంత ఉక్క. పొలాల్లో తడిసిన గింజే ఇవాళ లారీలో మిల్లుకొచ్చింది.

తేమమ్మ బస్తా మూతి విప్పి మోచేతి దాకా చెయ్యి దూర్చింది. పైన గింజ గలగలలాడుతోంది. లోపల జ్వరమొచ్చిన ఒంటిలా వెచ్చగా ఉంది. చెయ్యి తీస్తే వేళ్లకు పచ్చటి బూజు పొడి.

ఈ గింజ పాడి పశువుల దాణాలో కలుస్తుంది. ఆ దాణా తినే ఆవులు రెండు ఆమె అక్క కొట్టంలో ఉన్నాయి. ఆ పాలు తాగే అక్క మనవరాలికి ఇంకా రెండేళ్లు నిండలేదు.

బయట మళ్లీ మొదలైన జల్లుకి తడిసిన గొడుగు దులుపుకుంటూ మేనేజరు వచ్చాడు.

"సార్, బీరువా తాళం ఇప్పించండి. మిషను కావాలి."

"ఇప్పుడు మిషనేంటి తేమమ్మా? ఎండాకాలం కదా."

"మరి ఆ గొడుగేంటి సార్, ముచ్చటకా?"

లారీ దగ్గర హమాలీలు కిసుక్కున నవ్వారు.

"పుస్తకంలో ఉన్నదే చెబుతున్నా, నా సొంత కవిత్వం కాదు. అయినా దాణాకి ఆవిరి పడతాం కదా, బూజంతా చస్తుంది."

"బూజు చస్తుంది సార్. అది కక్కిన విషం చావదు. ఆవు తింటే పాలల్లోకి దిగుతుంది. మీరు పంపిన శిక్షణలోనే చెప్పారు."

"పంపింది సర్టిఫికెట్ కోసం. నేర్చుకు రమ్మన్నానా?"

ముద్ర వేసెయ్యమని ఆయన తన గదిలోకి పోయాడు. చెమ్మకి ఉబ్బిన తలుపు పూర్తిగా పడలేదు. లోపల భార్యతో ఫోన్లో అంటున్నాడు: "ఇదిగో, ఓ నెలపాటు ఇక్కడి పాలు మానెయ్. చంటాడికి డబ్బా పాలే పట్టు. ఎందుకేంటి? చెప్పింది చెయ్యవే!"

తేమమ్మ ముద్ర పక్కన పెట్టి పెన్ను తీసింది. రశీదులో 'అభిప్రాయం' అనే గడి ఒకటుంది. ఇన్నేళ్లూ అందులో 'ఏమీ లేదు' అనే రాసింది. ఇవాళ ఇలా రాసింది: 'ఈ సరుకు చూసి మేనేజరు గారు తమ ఇంట్లో పాలు మాన్పించారు.' సంతకం పెట్టి, ఒక నకలు లారీ డ్రైవరుకిచ్చి, రెండోది లోపలికి తీసుకెళ్లింది.

చదివి ఆయన ముఖం కందగడ్డయింది. "ఏంటిది? చింపెయ్!"

"చింపుకోండి. ఇంకోటి డ్రైవరు దగ్గరుంది. సరుకు దించాలంటే కింద మీరూ సంతకం పెట్టాలట. అదీ పుస్తకంలోనే ఉంది."

ఆ వాక్యం కింద సంతకం పెట్టడానికి ఆయనకి చెయ్యి రాలేదు. మధ్యాహ్నానికి లారీ సరుకుతోనే గేటు దాటి, తిన్నగా పక్క ఊరి మిల్లు వైపు తిరిగింది.

తేమమ్మ గబగబా అక్కడ పనిచేసే ఆడపడుచుకి ఫోన్ చేసింది. "నీ దగ్గరికో లారీ వస్తోంది. ముద్ర వెయ్యకు."

"మా దగ్గర ముద్ర వేసేది మేనేజరు, వదినా. నా మాట వింటాడా?"

"అయితే వాళ్లింటి నంబరు చెప్పు. ముందు ఆయన భార్యతో మాట్లాడతాను."