రెండు పేర్లతో తిరిగిన బ్లేడు

పాలిషక్క షెడ్డులో ఒక కోత బ్లేడు ఉండేది. దానికి పొద్దున ఇరవై నాలుగు పళ్ళు ఉండేవి. మధ్యాహ్నం టీ తాగి వచ్చేసరికి అరవై పళ్ళు మొలిచేవి. సాయంత్రానికి అందులో ముప్ఫై ఆరు రాలిపోయేవి. పసిపిల్లలకైనా పాలపళ్ళు ఒక్కసారే ఊడతాయి గానీ, ఈ ఇనపబిళ్ళకు మాత్రం పూటపూటకూ వచ్చేవి, పోయేవి.

సరే, మరీ అంత కాదు. పళ్ళు ఎప్పుడూ నలభయ్యే. ఒకటి మొలిచిందీ లేదు, ఒకటి రాలిందీ లేదు. కానీ మొలిచాయనీ రాలాయనీ నమ్మినవాళ్ళు ఇద్దరున్నారు. అది మాత్రం అక్షరాలా నిజం. పైగా ఆ ఇద్దరూ బుద్ధెరిగినప్పటి నుంచీ చెక్కపనిలోనే ఉన్నారు.

ఒకరు పాలిషక్క భర్త, గీత మేస్త్రి. చెక్క మీద పెన్సిలుతో ఒక గీత గీస్తాడు. మూలమట్టం పెట్టి సరిచూస్తాడు. అది నచ్చక పక్కనే ఇంకో గీత గీస్తాడు. తర్వాత రెండింటిలో అసలు గీత ఏదో మర్చిపోయి, మొత్తం చిత్రిక పట్టి మళ్ళీ మొదటికొస్తాడు. రెండోవాడు ఆమె తమ్ముడు. పని మొదలుపెట్టకముందే "అయిపోయింది" అంటాడు కాబట్టి వాడి పేరు అయిపోయిందయ్య. మేస్త్రి ఒక పలక కోసేలోపు వాడు నాలుగు కోస్తాడు. అందులో రెండు పనికిరాకపోతే మళ్ళీ రెండు కోస్తాడు. అయినా మేస్త్రి కన్నా ముందే ముగించి, గడప మీద కూర్చుని ఈల వేస్తుంటాడు. ఆ ఈల వింటే మేస్త్రికి ఒళ్ళు మండిపోతుంది.

వీళ్ళిద్దరి మధ్యా నలిగిన మనిషి పాలిషక్క. షెడ్డు ఆమె తండ్రిది. వంటింటి వెనక తలుపు తీస్తే నేరుగా షెడ్డే. అందువల్ల ఆమె అన్నం గిన్నె మీద మూత పెట్టడం ఎంత చిన్నప్పుడు నేర్చుకుందో, కోత మెషీను నట్టు విప్పడం కూడా అంత చిన్నప్పుడే నేర్చుకుంది. పెద్దయ్యాక పాలిష్ పని పట్టుకుంది. గోళ్ళ చుట్టూ దిగిన గోధుమరంగు ఏ సబ్బుకూ వదలదు. భుజాన ఎప్పుడూ ఒక పాత గుడ్డ. చేతిలో గరుకు కాగితం. ఎవరిమీదైనా కోపం వస్తే ఆ పూట కుర్చీలు అద్దాల్లా మెరిసిపోతాయి. ఆ షెడ్డు కుర్చీలకు అంత పేరు రావడానికి కారణం ఆమె కోపమేనని తెలిసినవాళ్ళు అంటారు.

గొడవంతా బ్లేడు దగ్గర. అయిపోయిందయ్యకు ఇరవై నాలుగు పెద్ద పళ్ళ బ్లేడు కావాలి. చెక్క నార వెంట నిలువుగా కోస్తే అది చకచకా దూసుకుపోతుంది. కానీ దాంతోనే అడ్డంగా కూడా కోసేస్తాడు. అప్పుడు అంచు పందికొక్కు కొరికినట్టు లేస్తుంది. గీత మేస్త్రికి అరవై సన్న పళ్ళ బ్లేడు కావాలి. అడ్డకోతకు అది పెట్టింది పేరు. కానీ ఆయన దాంతోనే నిలువునా కూడా కోస్తాడు. అప్పుడు చెక్క వేడెక్కి, పొగ లేచి, అంచు నల్లగా మాడుతుంది. ఒకాయన టీకి వెళ్తే రెండో ఆయన బ్లేడు మార్చేస్తాడు. ఈయన వెళ్తే ఆయన మార్చేస్తాడు.

"బావా, మళ్ళీ మార్చావా?"

"మార్చక? నువ్వు పెట్టిన ఆ మొసలి నోటితో బీరువా తలుపులు కోయమంటావా?"

"మొసలి కాబట్టే తింటుంది. నీది ఎలక. పొద్దున పలక ఇస్తే సాయంత్రం దాకా కొరుకుతూనే ఉంటుంది. ఆ పొగ చూడు, అక్క వంటింట్లో కూడా అంత పొగ రాదు."

"పొగ వస్తే రానీ. అంచు అద్దంలా ఉంటుంది."

"అద్దమే బావా. మసిపట్టిన అద్దం."

లేచిన అంచులకు లప్పం పెట్టి నింపవలసింది పాలిషక్క. మాడిన మసిని గీకవలసింది పాలిషక్క. ఇద్దరి తప్పులూ చివరికి ఆమె గరుకు కాగితం కిందికే వచ్చేవి. ఒక తప్పు దిద్దుతుంటే ఇంకో తప్పు క్యూలో నిలబడేది. "మీరిద్దరూ కోయడం మానేసి ఒకళ్ళనొకళ్ళు కొరుక్కోండి, చెక్కయినా మిగులుతుంది," అని ఆమె ఎన్నిసార్లు అరిచిందో. మెషీను చప్పుడులో ఆ అరుపు ఎవరికీ వినపడేది కాదు.

గ్రంథాలయం వాళ్ళకు అరలూ, ఒక పొడవాటి కౌంటరు బల్లా చేసే పని వచ్చినప్పుడు కథ ముదిరింది. భోజనాల దగ్గర అయిపోయిందయ్య తల దించుకునే చెప్పాడు.

"అక్కా, ఒకటో తారీఖు నుంచి తలుపుల ఫ్యాక్టరీకి పోతున్నా. అక్కడ నిలువు కోతకో మెషీను, అడ్డకోతకో మెషీను. నా బ్లేడు మీద ఎవడూ చెయ్యి వెయ్యడు."

అదే బల్ల మీద, వాడి పక్కనే కూర్చున్న గీత మేస్త్రి భార్య వైపు తిరిగాడు. "వెళ్ళేటప్పుడు తలుపు దగ్గరగా వేసి వెళ్ళమని చెప్పు మీ తమ్ముడికి."

"తలుపు ముందు సరిగ్గా మూసుకునేలా చెయ్యమని చెప్పక్కా మీ ఆయనకి."

"నేనేమన్నా పోస్టాఫీసునా?" అంది పాలిషక్క. "మోచేతులు తగులుతున్నాయి ఇద్దరికీ. మొహం తిప్పి మాట్లాడుకోలేరూ?"

ఎవరూ మొహం తిప్పలేదు. ఆమె కంచం పక్కకు జరిపేసింది. తమ్ముడు దూరమవుతాడని కాదు, ఫ్యాక్టరీ నాలుగు వీధుల అవతలే. భయం వేరే. పొడవాటి పలక కోసేటప్పుడు మెషీనుకు ఇటు తోసేవాడొకడు, అటు అందుకునేవాడొకడు ఉండాలి. అందుకునేవాడు లేకపోతే కోసిన కొస కిందికి వాలి, బ్లేడును బిగబట్టి, పలక తోసేవాడి మీదికే ఎగిరి వస్తుంది. ఆమె తండ్రి ఒంటరిగా కోసిన ఒకే ఒక్క రోజున కుడిచేతి రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు. గీత మేస్త్రి ఇంకో మనిషిని పెట్టుకునే రకం కాదు. పెట్టుకున్నా ఆయన గీతలు భరించి నిలిచే మనిషి పుట్టలేదు. తమ్ముడు వెళ్ళిన మర్నాడే ఈయన పంతానికి ఒంటరిగా పలక తోస్తాడు. అది ఆమెకు సూర్యుడు ఉదయించడం ఎంత ఖాయమో అంత ఖాయంగా తెలుసు.

మర్నాడు ఇనప సామాన్ల కొట్టుకు వెళ్ళింది. "నిలువుకూ అడ్డానికీ రెండింటికీ పనికొచ్చే బ్లేడు ఉందా?"

కొట్టాయన ఒక నలభై పళ్ళ బ్లేడు తీసి కౌంటరు మీద పెట్టాడు. "ఇదుగోనమ్మా. దేంట్లోనూ ఫస్టు రాదు, దేంట్లోనూ ఫెయిలవదు. చెప్పిన పని చేస్తుంది, చెప్పనిది చెయ్యదు."

"ఇలాంటిది మనుషుల్లో దొరకదా?" అని అడిగి, దాన్ని గుడ్డలో చుట్టుకుని ఇంటికొచ్చింది.

ఇద్దరూ లేని సమయం చూసి ప్లగ్గు పీకి, కొత్త బ్లేడు ఎక్కించి, నట్టు బిగించింది. పాత బ్లేడులు రెండింటినీ సాన పట్టే ఆయన దగ్గర పడేసి, నేను వచ్చేదాకా ఇవ్వొద్దని చెప్పింది. ఆ తర్వాత ఇద్దరినీ పిలిచి పానా చేతిలో పట్టుకుని నిలబడింది.

"ఇవాళ్టి నుంచి ఈ పానా నాది. బ్లేడులు నా పాలిష్ బీరువాలో ఉంటాయి. ఎవరికి ఏది కావాలో నోటితో చెప్పండి, నేను మారుస్తాను. మీరు మార్చినట్టు కనపడితే షెడ్డుకు తాళం వేసి తాళంచెవి లప్పం డబ్బాలో పడేస్తాను."

అటు చూసి ఇటు చూసి ఇద్దరూ ఒప్పుకున్నారు. ఇక మొదలైంది నాటకం.

"అక్కా, పెద్ద పళ్ళది."

పాలిషక్క ప్లగ్గు పీకేది. మెషీను వెనక చతికిలబడేది. పానాతో నట్టు మీద టంగుటంగున కొట్టేది. అబ్బా అని ఒకసారి, ఉఫ్ అని ఒకసారి అనేది. "బిగుసుకుపోయింది, కాస్త ఆగు," అని కాళ్ళు చాపుకుని కూర్చునేది. నిజం చెప్పాలంటే రోజు మొత్తంలో ఆమె కూర్చున్నది ఆ కాసేపే. తర్వాత లేచి, "మార్చాను, పో," అనేది.

మెషీను తిరిగేది. అయిపోయిందయ్య మొహం విచ్చుకునేది. "అదీ! చూశావా బావా, వెన్నలో కత్తి దిగినట్టు పోతోంది. ఇదీ నా బ్లేడంటే."

గంట తర్వాత గీత మేస్త్రి. "నాది పెట్టు. వాడిది తీసెయ్, చెవులు పోతున్నాయి."

మళ్ళీ ప్లగ్గు, మళ్ళీ టంగుటంగు, మళ్ళీ కాళ్ళు చాపడం. మెషీను తిరగగానే మేస్త్రి కళ్ళు మూసుకునేవాడు. "విన్నావా ఆ నాదం? సన్న పళ్ళు పాడుతున్నాయి. ఇందాక వాడి బ్లేడు గార్దభంలా ఓండ్రపెట్టింది కాదూ?"

తిరిగే బ్లేడు పళ్ళు ఎవడూ లెక్కపెట్టలేడు. బ్లేడు మీద మూసే కప్పుకు పొట్టు ఎప్పుడూ పేరుకునే ఉంటుంది. కోత అవగానే బ్లేడును మెషీను బల్ల కిందికి దించేయాలన్నది తండ్రి పెట్టిన కట్టడి. ఇద్దరికీ అనుమానం రాలేదు. గరుకు కాగితం పని సగానికి తగ్గింది. అరలన్నీ తయారయ్యాయి. ఒకే ఒక్క సంగతి పాలిషక్కను పీక్కుతినేది. ఇద్దరూ సంతోషంగానే ఉన్నారు గానీ, తమ్ముడు ఫ్యాక్టరీ మాట వెనక్కి తీసుకోలేదు. ఎలక బ్లేడుతో విసిగిపోయానని అందరితో చెబుతూనే ఉన్నాడు. ఎలక షెడ్డులోనే లేదన్న సంగతి వాడికెలా చెప్పడం?

నెల చివరికొచ్చింది. కౌంటరు బల్లకు పొడవాటి పలక మెషీను మీదికి ఎక్కింది. గీత మేస్త్రి తన బ్లేడు పెట్టించుకుని, చిన్న ముక్క ఒకటి కోసి చూసుకుంటున్నాడు. అప్పుడు సాన పట్టే ఆయన షెడ్డులోకి వచ్చాడు. చంకలో కాగితం పొట్లం. పాలిషక్క ఎంతకీ రాకపోయేసరికి, పాపం, మంచి మనసుతో తనే తెచ్చాడు. కొందరి మంచి మనసు కొంపలు ముంచుతుంది.

"రా, రా, మంచి సమయానికొచ్చావు," అన్నాడు మేస్త్రి. "చెవి ఇలా పెట్టు. ఆ చప్పుడు విను. ఎవరి సాన అది? నీదే! నా బ్లేడు ఎలా పాడుతోందో చూడు."

సాన పట్టే ఆయన చెవి పెట్టాడు. మర్యాదగా తల ఊపాడు. తర్వాత పొట్లం వైపు చూసుకున్నాడు. "మీ బ్లేడు నా చంకలో ఉంది కదా మేస్త్రీ. మీ బావమరిదిది కూడా ఇందులోనే ఉంది."

మెషీను ఆగింది. అయిపోయిందయ్య ఈల ఆగింది. మేస్త్రి వంగి, కప్పు ఎత్తి, వేలితో పళ్ళు లెక్కపెట్టాడు. సగంలో ఆపి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. ఆయన ఏదైనా రెండుసార్లు చేసే మనిషే కదా.

అయిపోయిందయ్య పగలబడి నవ్వాడు. "సన్న పళ్ళు పాడుతున్నాయా బావా? ఏ రాగం?"

"నీకు మాత్రం వెన్నలో కత్తి దిగలేదూ?" మేస్త్రి మొహం ఎర్రబడింది. "నవ్వింది చాలు. ఫ్యాక్టరీకి పో. ఒకటో తారీఖు దాకా ఎందుకు, ఇప్పుడే పో."

"పోతా. నన్నెవడు ఆపుతాడు?" వాడు నిజంగానే సామాన్ల సంచి అందుకున్నాడు.

పాలిషక్క భుజం మీది గుడ్డ తీసి నేలకేసి కొట్టింది.

"అవును, మార్చలేదు. ఒక్కసారి కూడా మార్చలేదు. ఈ నెలంతా మీరు పొగిడింది ఒకే బ్లేడును, తిట్టింది కూడా ఒకే బ్లేడును. ఒకడు గార్దభం అంటాడు, అదే గార్దభాన్ని గంట తర్వాత కోయిల అంటాడు. ఒకడు ఎలక అంటాడు, దాన్నే మొసలి అంటాడు. నేను కాబట్టి వేగాను. ఇవిగో మీ బ్లేడులు." పొట్లం లాక్కుని మెషీను బల్ల మీద పెట్టింది. పక్కన పానా పెట్టింది. "ఎవరిది కావాలంటే వాళ్ళు ఎక్కించుకోండి. ఎవరు కావాలంటే వాళ్ళు పోండి. వేళ్ళు తెగితే మాత్రం నన్ను పిలవొద్దు, నాకు పాలిష్ పనుంది."

పనుందంది గానీ కదల్లేదు. సాన పట్టే ఆయన మాత్రం గుమ్మం దాకా వెనక్కి నడిచాడు.

గీత మేస్త్రి పానా తీసుకున్నాడు. సన్న పళ్ళ బ్లేడు వైపు చూశాడు. పలక వైపు చూశాడు. పలక ఇటు చివర ఆయన ఉన్నాడు. అటు చివర గాల్లోకి పొడుచుకుని ఖాళీగా ఉంది. తర్వాత పానాను గోడ మేకుకు తగిలించాడు.

"ఒరేయ్."

"ఏంటి బావా?" గుమ్మం దగ్గర నుంచి.

"ఆ చివర ఎవడు పట్టుకుంటాడు?"

"ఎవడినైనా పిలుచుకో."

"ఎవడో వస్తే నా గీత ఏదో వాడికేం తెలుస్తుంది?"

"నీ గీత ఏదో నీకే తెలియదు కదా బావా."

"అందుకే పిలుస్తున్నాను. రా."

అయిపోయిందయ్య సంచి దించాడు. "ఇది కోసేదాకానే," అన్నాడు. పలక అటు చివర పట్టుకున్నాడు. నలభై పళ్ళ బ్లేడు తిరిగింది. అది పాడలేదు, ఓండ్రపెట్టలేదు. ఊరికే కోసింది. ఆ పలక కౌంటరు బల్లగా మారి ఎప్పుడో గ్రంథాలయానికి వెళ్ళిపోయింది. వాడు మాత్రం వెళ్ళలేదు.

సాన పట్టే ఆయనకు నోట్లో నువ్వుగింజ నానదు. కథ నాలుగు వీధులూ తిరిగింది. ఎవరైనా కుర్చీ పాలిష్‌కు ఇచ్చే వంకతో వెళ్ళి పాలిషక్కనే అడుగుతారు. ఆమె చేతిలో పని ఆపదు.

"బ్లేడు మార్చినట్టు నటించానా? నాకు పానా ఎటు తిప్పాలో కూడా తెలియదు. మా ఆయనా, మా తమ్ముడూ పోట్లాడుకున్నారా? మా ఇంట్లో అసలు గొంతు పెరగదండీ."

లోపలి నుంచి అరుపు. "అక్కా, బావ మళ్ళీ రెండు గీతలు గీశాడు!"

"నోళ్ళు ముయ్యండి ఇద్దరూ!" అని షెడ్డు దద్దరిల్లేలా అరిచి, ఆమె మళ్ళీ కుర్చీ మీదికి వంగుతుంది. "అంతా కట్టుకథ. అలాంటిదేమీ జరగలేదు."