కనెక్షన్ లేని మైకు

కొవిడ్ తగ్గిన ఏడాది, వేసవి చివర్లో, దువ్వాడలో కొత్తగా పెట్టిన ఒక ప్రైవేటు స్టూడియోలో సీనియర్ రికార్డింగ్ ఇంజనీరుగా చేరాను. సీనియర్ అన్నది బోర్డు అందానికే; జూనియర్లెవరూ లేరు. యజమాని ప్లాట్ల వ్యాపారంలో గడించినవాడు. ఆయన్ని ఎండీగారు అనే పిలవాలన్నది అక్కడి మొదటి నిబంధన.

ఆయన కొన్న మొదటి వస్తువు బంగారు రంగు కండెన్సర్ మైకు. సౌండ్‌ప్రూఫింగ్ సంగతి తర్వాత చూద్దామన్నారు. ఆ తర్వాత అనేది నేనున్నంతకాలం రాలేదు. కండెన్సర్‌లో శబ్దాన్ని అందుకునే పొర చాలా పల్చన, ఊపిరి చప్పుడును కూడా పట్టేస్తుంది. మంచి గదిలో, మెత్తటి గొంతుకు అంతకు మించింది లేదు. మా గదిలో మాత్రం అది ముందు పక్కనున్న రైలు పట్టాల మీది గూడ్సు బండిని, తర్వాత ఏసీని, ఓపిక మిగిలితే పాడేవాళ్లను వినేది.

భీమిలి నుంచి అప్పలనర్సమ్మ వచ్చింది. వీధుల్లో తిరిగి చేపలమ్మే మనిషి, ఖంగుమనే గొంతు. హైదరాబాదు ఆడియో కంపెనీ ఒకటి జానపదాల ఆల్బమ్‌కు గొంతులు వెతుకుతోంది. మేం పంపే శాంపిల్ విని ఎంచుకుంటారు. ఈమెకు డైనమిక్ మైకు పెడదామన్నాను. అది సభల్లో వాడే మొరటు రకం. దగ్గరి గొంతునే వింటుంది, ఎంత గట్టిగా పాడినా తట్టుకుంటుంది. ఎండీగారు నవ్వి, భజన మైకు తన స్టూడియోలో కనబడకూడదన్నారు.

కండెన్సర్‌తోనే చేశాం. గొంతు గీరుకుపోతోంది, వద్దని కంపెనీ నుంచి కబురొచ్చింది. ఎండీగారు ఆమె ముఖం మీదే అనేశారు: "మైకులో లోపం నేదు. గొంతులోనే ఉన్నాది."

ఆమె నావైపు తిరిగింది. "మా పేటలో పెళ్లయితే నన్నే పాడమంటారు బాబూ. నా గొంతు అంత పాడుగున్నాదేటి? ఇంక పాడ్డం మానేత్తాను."

నాకు ఒళ్లు మండింది. కంపెనీకి ఫోన్ చేసి, తప్పు రికార్డింగుదే, మరొక్క శాంపిల్ వినమని అడిగాను. ఇదే ఆఖరని ఒప్పుకున్నారు.

ఈసారి బంగారు మైకును స్టాండుకు ఠీవిగా బిగించాను గానీ దాని కేబుల్ మిక్సర్‌కు పెట్టలేదు. ఆమె గడ్డానికి దగ్గరగా నా సొంత డైనమిక్ మైకు ఉంచాను. ఫొటో కోసం వచ్చిన ఎండీగారు ఆ నల్లదేటని అడిగారు. రిఫరెన్స్ ఛానల్ అన్నాను. అలాంటిదేమీ అక్కడ లేదు. ఆయన తెలిసినట్టే తలాడించారు.

అప్పలనర్సమ్మను తీసుకున్నారు. ఎండీగారు నన్నూ వాచ్‌మన్‌నూ కూర్చోబెట్టి మంచి మైకు మహిమ గురించి ఉపన్యాసం ఇచ్చి, అలాంటిదే ఇంకొకటి ఆర్డరు పెట్టారు. ఆమెకు మాత్రం నిజం చెప్పాను. వేలాడుతున్న కేబుల్ చూసి కడుపుబ్బ నవ్వింది. "అయితే నా గొంతుకేటీ అవ్వలేదన్నమాట" అంది.

గొంతునూ గదినీ చూసి మైకును ఎంచుకోవాలని నాకు ముందే తెలుసు. అక్కడ కొత్తగా నేర్చుకున్నది ఒక్కటే. ధర చూసి ఎంచుకునేవాళ్లతో వాదించకూడదు. ఖరీదైనదాన్ని వాళ్ల కళ్లెదుట నిలబెట్టి, మన పని మనం చేసుకోవాలి.