పేర్లు రాయని పెట్టె

తెనాలిలో మా ఫొటో తాతగారు పోయారు. నిన్న పెద్దకర్మ కూడా అయిపోయింది. ఏడుపు తగ్గాక రాద్దామనుకున్నాను. కానీ ఈ నెలాఖరుకి ఆయన స్టూడియో గది ఖాళీ చేస్తున్నారు. అందులోని ఒక పెట్టె కోసం ఇప్పుడే రాయక తప్పడం లేదు.

ఆయన నాకు చుట్టం కాదు. పదో తరగతి హాల్‌టికెట్‌కి ఫొటో కావాలని అమ్మతో కలిసి కొలకలూరు నుంచి వెళ్ళాను. మా ఇంట్లో బడికెళ్ళిన మొదటిదాన్ని నేనే. అమ్మ గుమ్మం బయటే నిలబడిపోతే, "నువ్వూ రామ్మా, కుర్చీ ఖాళీగానే ఉందిగా" అని పిలిచి ఇద్దరికీ కలిపి ఒకటి తీశారు. అమ్మకున్న మంచి ఫొటో అదొక్కటే.

వాళ్ళ తాతగారు పెట్టె కెమెరాని పడవలో వేసుకుని కాలవల మీద రేపల్లె, బాపట్ల వైపు తిరిగేవారట. తర్వాత తండ్రి, ఆ తర్వాత ఈయన. మూడు తరాల ఊళ్ళు ఆ స్టూడియో అటక మీద గాజు నెగటివ్‌లుగా, ఫిల్ములుగా ఉండేవి. చేతులు కడుక్కుని, తుడుచుకుని గానీ వాటిని ముట్టుకునేవారు కాదు. అంచులు పట్టుకుని కిటికీ వెలుగుకి ఎత్తి చూపించేవారు. నెగటివ్‌లో తెల్లజుట్టు నల్లగా కనపడుతుంది కదా, "ముసలాళ్ళకి ఇంతకంటే మంచి రంగు ఎక్కడ దొరుకుద్ది" అని తన తల తడుముకునేవారు.

డిగ్రీ చదివేటప్పుడు ఒకసారి, మా పాలెం వాళ్ళవి, నాట్లకెళ్ళేవాళ్ళవి ఏమీ లేవా అని అడిగాను. చేతిలో ఉన్న నెగటివ్‌ని కవరులో పెట్టేశారు. తర్వాత చెప్పారు. ఆయన పెళ్ళయిన కొత్తలో పటాలు కట్టడానికి అద్దాలు దొరకలేదట. గాజు నెగటివ్‌ని సోడా వేసిన వేడినీళ్ళలో నానబెట్టి గీకితే బొమ్మ పోయి మంచి అద్దం మిగులుతుంది. పెద్ద కుటుంబాలవి పక్కన పెట్టి, కూలివాళ్ళవి రెండు పెట్టెలు కడిగేశారు.

"వీళ్ళ కోసం ఎవరొచ్చి అడుగుతార్లే అనుకున్నానమ్మా. నువ్వొచ్చి అడిగావు."

నేను లేచి వచ్చేశాను. రెండు నెలలు అటువైపు వెళ్ళలేదు. ఆయనే కబురు పెట్టారు. తిట్టాలనుంటే తిట్టు గానీ వచ్చేటప్పుడు పెన్సిల్ తెచ్చుకో అని. కడగకుండా మిగిలిన కూలివాళ్ళ పెట్టె ఇంకొకటి ఉంది. వాళ్ళెవరో ఎక్కడా రాసి లేదు. మా ఆదివారాలన్నీ దానికే. ఆ వయసులో బస్సెక్కి జంపని, పిట్టలవానిపాలెం వెళ్ళి, ప్రింట్లు చూపించి, పెద్దవాళ్ళని అడిగి తెలుసుకొచ్చేవారు. ఆయన ఒక్కో పేరూ చెబితే నేను నెగటివ్ కవరు మీద రాసేదాన్ని. రాసిన ప్రతి పేరునీ పైకి చదవమనేవారు. సగం పెట్టె అయింది.

ఆఖరి ఆదివారం ఫోన్ చేశారు. పెట్టెలోని ఒకావిడ ఎవరో గుర్తొచ్చింది, రమ్మన్నారు. పరీక్ష ఉంది, వచ్చే వారం వస్తానన్నాను.

"సరేలే, పరీక్ష ముఖ్యం. ఆవిడెక్కడికి పోద్ది."

గురువారం ఆయనే పోయారు. ఆ పేరేదో ఫోన్‌లోనే చెప్పమని అడగాలని నాకు తోచలేదు. అది తలచుకుంటే అన్నం సయించడం లేదు.

వాళ్ళబ్బాయి మంచివారే. పేర్లున్నవన్నీ దాచుకుంటానన్నారు. "ఎవరో తెలియనివాళ్ళని మోసుకెళ్ళి ఏం చేసుకోనమ్మా, నువ్వే చెప్పు" అన్నారు.  నెలాఖరు దాకా ఆగమని బతిమాలుకున్నాను.

ఆయన బల్ల మీద ఒక నెగటివ్ కవరు బయటే ఉంది. ప్రింటు వేయించాను. పొలం గట్టు మీద ఏడుగురు ఆడవాళ్ళు, చేతుల్లో నారు కట్టలు. మధ్యలో ఉన్నావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఎడమ మోచేతి మీద పెద్ద పచ్చబొట్టు. ఆయనకి గుర్తొచ్చింది ఈవిడే అయ్యుంటుంది. ఆ ఫొటో ఈ పేజీలోనే ఉంది. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళకి ఒక్కసారి చూపించండి. ఆవిడ పేరు తెలిస్తే, ఈ నెల ఇరవయ్యైదో తేదీలోగా ఈ పత్రికకి ఒక్క ముక్క రాయండి.