సుశీల మేడం చెప్పిన వేర్డెన్

నాగర్‌కర్నూలులో నేను జర్మన్ నేర్పే గదిలో నర్సింగ్ అమ్మాయిలు గొంతు కలిపి "వేర్డె, విర్‌స్ట్, విర్ట్" అని క్రియారూపాలు వల్లిస్తుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. వెంటనే వనపర్తిలో ఎరువుల దుకాణం మీది గది, అందులో సుశీల మేడం గొంతు గుర్తొస్తాయి. ఆమెది ఇటిక్యాల. జర్మనీ ఆసుపత్రుల్లో ఏళ్లపాటు నర్సుగా చేసి తిరిగొచ్చి, మాకు ఆ భాష నేర్పేవారు.

మొదటిరోజే అడిగారు: "ఏం జేద్దామని వచ్చినవమ్మా?"

"జర్మనీల నర్సునైత, మేడం."

"అయితవా? ఇగో, గా మాటతోనే మొదలువెడదాం!" అని బోర్డు మీద వేర్డెన్ అని రాశారు. అంటే 'అవు' అనే క్రియ. ఇష్ వేర్డె క్రాంకెన్‌ష్వెస్టర్, నేను నర్సునవుతాను. దానికే ఇంకో క్రియ తోడైతే రేపటి మాట: ఇష్ వేర్డె కొమ్మెన్, నేను వస్తాను. ఆ తోడు క్రియ రూపం మారితే పని చేసేది మనం కాదు, ఇంకొకరు: ఇష్ వేర్డె గెరూఫెన్, నన్ను పిలుస్తున్నారు. ఒకే మాట ఇన్ని పనులు చేస్తుందా అని ఆ రోజు ఇంటిదాకా గొణుక్కుంటూనే నడిచాను.

అదే మాట పరీక్షలో నన్ను ముంచింది. "డాక్టరును పిలుస్తాను" అనబోయి, రూఫెన్ అనాల్సిన చోట గెరూఫెన్ అని "నన్ను పిలుస్తున్నారు" అన్నాను. ఆ తర్వాత ప్రతి వాక్యంలోనూ తడబడి పరీక్ష తప్పాను. వనపర్తిలో బస్సు దిగి నేరుగా ఆ గదికే వెళ్లి ఏడ్చాను. "నాతోని కాదు, మేడం."

ఆమె ఓదార్చలేదు. కళ్లు మెరిశాయి. "జర ఆగు. కాదు అంటే ఏంది? 'అవు' అనే క్రియకే వ్యతిరేక రూపం గదా! ఏడ్సుకుంట గూడ వేర్డెనే చెప్తున్నవ్ పిల్లా! ఇప్పుడు తిప్పి చెప్పు."

"అయితది."

"గట్టిగ!"

"అయితది!" అని అరిచాను. కింద బస్తాలు దించుతున్న హమాలీలు తలెత్తి చూశారు. ఇద్దరం పడీపడీ నవ్వాం. రెండోసారి పరీక్షలో ఎక్కడా తడబడలేదు.

జర్మనీకి బయల్దేరేముందు కలిస్తే ఆమె ఒకటే చెప్పారు. "ఆడ ఫైళ్లల్ల గీ వేర్డెన్‌తోనే 'రోగికి స్నానం చేయించబడింది' అని రాస్తరు. చేయించిందెవరో ఉండదు. మా అమ్మ ఇటిక్యాలల ఎండకు చేన్లు కోసింది. 'పంట కోయబడింది' అని రాస్తే మా అమ్మ ఏడ వొయ్యింది? గట్ల రాసినప్పుడు చేసినోళ్లను యాది జేసుకో."

వార్డులో నేను అలాంటి వాక్యాలు వేలకొద్దీ రాశాను. రాసిన ప్రతిసారీ నా తడి చేతుల వైపు ఒకసారి చూసుకునేదాన్ని. తిరిగొచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. రోడ్డు వేయబడింది, బడి కట్టబడింది అని ఎక్కడ చదివినా ఆగిపోతాను. ఎవరు వేశారు, ఎవరు కట్టారు అని పైకే అడుగుతాను. పక్కనున్నవాళ్లు వింతగా చూసినా సరే.