మగ్గం గుంతల గది

మా మేనత్త పోయిందని పోయిన నెల ఒక పొద్దున ఫోను వచ్చింది. చేసింది చుట్టాలెవరూ కాదు, ఆమె గదిలో చదువుకునే పదో తరగతి పిల్ల. "అక్కా, టీచరమ్మ నిద్రలోనే పోయినారు. మేమంతా ఈడే ఉండాం. మీరు పుంగనూరు నుంచి నిదానంగా రాండి" అంది. ఏడుపు దిగమింగుకుంటూనే నాకు జాగ్రత్త చెప్పింది. అలా చెప్పడం అత్త దగ్గరే నేర్చుకుని ఉంటుంది.

అత్త పెళ్లి చేసుకోలేదు. కుప్పంలో టీచరుగా పనిచేసి, రిటైరయ్యాక మదనపల్లెకు తిరిగొచ్చింది. అక్కడ మగ్గాల వీధిలో మా తాతల నాటి పెంకుల కొట్టం ఒకటుంది. మగ్గాలు ఎప్పుడో పోయాయి. మిగిలినవి గబ్బిలాలు, నేత నేసేవాళ్లు కాళ్లు దించుకుని కూర్చునే గుంతలు. ఆ వీధి ఇళ్లలో మరమగ్గాల చప్పుడుకు పిల్లలు పుస్తకం తెరిచే వీలుండదు. కొట్టాన్ని వాళ్లకు చదువుకునే గది చేస్తానంది అత్త. అమ్మేసి చెరి సగం తీసుకుందామన్నాడు ఆమె తమ్ముడు, అంటే మా నాన్న. పుంగనూరులో చెప్పుల అంగడి పెట్టుకున్న మనిషి, ఆయన లెక్క ఆయనది.

"పడిపోయే కొట్టానికి సున్నం కొట్టి ఏం జేస్తావక్కా?"

"నేనుండేంత వరకు అమ్మొద్దురా. ఆ మీదట నీ ఇష్టం."

అక్క మాట కాదనలేక నాన్న ఊరుకున్నాడు.

మేస్త్రీ వచ్చినా అత్త వెంటనే పని మొదలుపెట్టనివ్వలేదు. మడత కుర్చీ వేసుకుని ఒక్కో పూట ఒక్కో మూల కూర్చునేది. "ఏం మేడమ్, గోడలకు పాఠం చెప్తాండారా?" అని మేస్త్రీ నవ్వాడట. "లేదప్పా, అవి చెప్తాంటే ఇంటాండా. యెలుతురు యాడ పడతాదో సూసినాంకనే గోడ మీద చెయ్యెయ్యాల" అందట. చివరికి కొత్త కిటికీ ఒక్కటీ కొట్టించలేదు. చీకటిగా ఉన్న చోట మట్టి పెంకులు తీసి గాజు పెంకులు వేయించింది. మట్టిగోడలకు సిమెంటు తగలనివ్వలేదు. "కూలగొట్టేది ఎవరికైనా చేతనైతాది" అనేది.

గుంతల దగ్గర మాత్రం ఎవరి మాటా వినలేదు. "ఈ గుంతల్లోనే మా అమ్మ మోకాళ్లు పోయినాయి. మన పిల్లోళ్లు కుర్చీల్లో కూచోవాల" అని, గోడలు గీకిన పెళ్లలు, పగిలిన పెంకులు వాటిలో నింపించింది. మన్ను గట్టిపడేలా దిమ్మిస కూడా సరిగ్గా కొట్టించకుండా పైన కడప బండలు పరిపించింది. వెలుతురు కోసం అన్ని పూటలు కూర్చున్న మనిషికి మన్ను కుదురుకునేదాకా ఆగే ఓపిక లేకపోయింది. ఆ గుంతల మీద ఆమెకున్న కోపం అంతటిది. తొలి వానలకే గుంతలున్న చోటల్లా నేల కుంగి బండలు వాలిపోయాయి. "సూసినావా, అమ్మ ఒప్పుకోలే" అని నాన్న తెగ నవ్వాడు.

బండలు తీయించడానికి అత్త వెళ్లేసరికి, పిల్లలు కుర్చీలు వదిలేసి కుంగిన చోట్లలో కాళ్లు జారవేసుకుని చదువుతున్నారట. ఆ సాయంత్రం నాకు ఫోను చేసింది. "ఏమ్మే, నేను తప్పు జేసినా. గుంతది పాపమేం లేదు. దాంట్లో నుంచి లేసే తీరిక మా అమ్మకు లేకపాయె, అంతే" అంది. అలా అంటూ ఏడ్చింది, వెంటనే నవ్వింది కూడా. గుంతలన్నీ మళ్లీ తవ్వించి, లోపల ఇటుక కట్టించి, పుస్తకాలు పెట్టుకోవడానికి ముందర చెక్కలు వేయించింది.

గుమ్మం బయట చెప్పులు చిందరవందరగా ఉంటే ఎవరి మీదా అరిచేది కాదు. తానే వంగి సర్దేది. పిల్లలు సిగ్గుపడి పరుగెత్తుకొచ్చేవాళ్లు. అక్కడ చదివిన పిల్ల ఒకతె ఇప్పుడు అంగళ్లులో ఇంజనీరింగు చదువుతోంది. ఆదివారాలు వచ్చి చిన్నవాళ్లకు లెక్కలు చెబుతుంది. అత్త పేరు చెప్పుకోవడానికి నాకు ఇంతకంటే ఏమీ అక్కర్లేదు.

దినాలు అయిన సాయంత్రం నాన్న నన్నడిగి కొట్టం తాళంచెవి తీసుకున్నాడు. కొట్టం కొనే బేరగాడు అప్పటికే ఫోను చేసి ఉన్నాడు. అమ్మేస్తాడేమోనని నేనూ వెంట వెళ్లాను.

తలుపు తెరిచే ఉంది, లోపల పిల్లలు చదువుకుంటున్నారు. నాన్న వాళ్లను లేవమనలేదు. ఖాళీగా ఉన్న ఒక గుంత అంచు తాకి, చేయి కళ్లకద్దుకుని, కాళ్లు దించుకుని కూర్చున్నాడు. చిన్నప్పుడు ఆయన నేత నేర్చుకున్నాడని వినడమే కానీ నేనెప్పుడూ చూడలేదు.

పక్క గుంతలో ఉన్న, నాకు ఫోను చేసిన పదో తరగతి పిల్ల చదవడం ఆపింది. "తాతా, యాల కాళ్లు అట్ల ఆడిస్తాండారు?"

నాన్న కిందికి చూసుకున్నాడు. అక్కడ లేని మగ్గం తొక్కుడు చెక్కల మీద ఆయన పాదాలు ఒకదాని తర్వాత ఒకటి దిగుతున్నాయి.

"ఆడిస్తాండానా?" అన్నాడు. గది చుట్టూ చూసి, "పొద్దున ఎన్నింటికి తెరస్తారమ్మా ఈడ?" అని అడిగాడు.

"ఆరుకే తాతా."

తాళంచెవి ఆ పిల్ల పుస్తకం పక్కన పెట్టాడు. పిల్ల మళ్లీ చదువులో పడింది. నాన్న లేవలేదు. గుంతలో ఆయన పాదాలు అలా నేస్తూనే ఉన్నాయి.