ఇంజను మొహాన నక్షత్రం

మొన్న సాల్ట్ లేక్‌లోని మా ఫ్లాటు కిటికీ ఊచలకు రంగు వేయడానికి వచ్చిన మనిషి నల్ల ఎనామిల్ డబ్బా మూత తీశాడో లేదో, ఆ వాసనకు నా మనసు కాస్తా షాలిమార్ రైల్వే క్వార్టర్లకు వెళ్లి కూర్చుంది. ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు వేశానని తిన్నాక గానీ తెలియలేదు.

మా నాన్న అక్కడి గూడ్సు యార్డులో బొగ్గు ఇంజను డ్రైవరు. సాయంత్రం బండి మా క్వార్టర్ల వెనక నుంచి వెళ్లేటప్పుడు అమ్మా నేనూ గోడ దగ్గర నిలబడి చెయ్యి ఊపితే ఆయన కూత వేసేవారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ ఇంజన్లన్నిటినీ తుక్కుకు పంపేశారు, ఆ వెంటనే నాన్న రిటైరయ్యారు. అప్పటి నుంచి ఆయన మాట్లాడటమే మానేశారు. అడిగితే అవును, కాదు, అంతే. గార్డెన్ రీచ్ ఓడల యార్డులో ఫిట్టరుగా ఉన్న మా బాబాయి అది చూడలేక, నూనె డబ్బాల రేకుతో, ఇత్తడి గొట్టాలతో మూరెడు ఇంజను చేసి, బొమ్మలు వేసే అలవాటుంది కదా అని రంగుల పని నాకు అప్పజెప్పాడు. నాన్న దాన్ని చూసి తన ఇంజనేనని గుర్తుపట్టాలి, మళ్లీ నోరు విప్పాలి; నా ఆశల్లా అదే.

ఒంటికి నలుపు, చక్రాల అంచులకు తెలుపు, నాలుగు వెంట్రుకలు మాత్రం మిగిల్చి కత్తిరించిన కుంచెతో సన్నని గీతలు, ఇదంతా బాగానే సాగింది. చిక్కంతా ముందువైపు గుండ్రటి తలుపు మీది నక్షత్రంతోనే వచ్చింది. గేటు దగ్గర టీ దుకాణం బెంగాలీ దాదా అది ఎరుపేనని, ఊరంతా కట్టిన పార్టీ జెండాల రంగేనని గట్టిగా చెప్పాడు. అమ్మేమో తెలుపంది, అది చూసినప్పుడల్లా తనకు క్రిస్మస్ నక్షత్రమే గుర్తొచ్చేదంది. నాకు మాత్రం పసుపుపచ్చగా కళ్లకు కట్టినట్టుంది. ఎరుపు వేశాను, టర్పెంటైన్‌తో తుడిచాను, పసుపు వేశాను, అదీ తుడిచాను. చివరికి అసలు నేను చూసిందేమిటో నాకే అనుమానం వచ్చేసింది. నాన్ననే అడుగుదామంటే గుట్టు బయటపడుతుంది. ఆఖరికి అమ్మ మాట కాదనలేక తెలుపు ఉంచాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆయన ముందు పెట్టాం. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఏ ఇంజినమ్మా?" అన్నారు.

మీదే కదా నాన్నా అన్నాను.

"నాదేటి, రోజుకోటి ఇచ్చీవోరు. ఏది ఖాళీగుంటే అది."

అంటే మాకు ముగ్గురికీ గుర్తుండిపోయినవి మూడు వేరు వేరు ఇంజన్లన్నమాట. అయినా నా అయోమయం తీరక, వాటిలో ఏ ఒక్కదాని నక్షత్రమైనా ఏ రంగో చెప్పమని బతిమాలాను.

"మలుపు తిరిగితే గోడకాడ మీరిద్దరూ ఉన్నారో నేదో చూసుకునీవోణ్ని. నక్షత్రాలెవుడు చూసేడు?" అన్నారు.

అన్నాళ్ల తర్వాత ఆయన నోట వచ్చిన పెద్ద మాట అది. అమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. ఆ రోజు నాన్న చీకటి పడేదాకా మాట్లాడుతూనే ఉన్నారు.

ఇప్పుడా పట్టాల మీద కరెంటు బళ్లు పొగా కూతా లేకుండా వెళ్లిపోతున్నాయి, నాన్నా లేరు, అమ్మా లేదు. కళ్లు మూసుకుంటే నక్షత్రం మూడు రంగుల్లోనూ కనిపిస్తుంది గానీ, రోజూ మమ్మల్ని వెతుక్కున్న ఆ మొహం ఇంజను కిటికీలో ఎలా ఉండేదో ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు.